విదేశంలో కారు తాళం ఇవ్వనంటే: విశాఖలో ఉండగానే సరిచూసుకోవాల్సినవి

విదేశాల్లో కారు అద్దెకు తీసుకునేటప్పుడు ఎదురయ్యే చిక్కుల్లో చాలా వరకు అక్కడ పుట్టినవి కావు. లైసెన్సు మీద ఒక అక్షరం, ఒక తేదీ, పడాల్సిన చోట పడని ఒక ముద్ర. విశాఖలో ఎవరూ పట్టించుకోని ఇలాంటివే పరాయి ఊరి కౌంటరు ముందు బయటపడతాయి. వాటిని అక్కడి నుంచి సరిదిద్దుకోవడం దాదాపు అసాధ్యం. ఎక్కువమందిని ఇబ్బంది పెట్టే దానితోనే మొదలుపెడతాను.

"మీ పాస్‌పోర్టులో ఉన్న మనిషి, లైసెన్సులో ఉన్న మనిషి ఒకరేనా?"

ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే సమస్య. మనకు ఇంటిపేరు ముందుంటుంది, దాన్ని పొడి అక్షరంగా కుదించి రాసుకోవడం అలవాటు. ఉదాహరణకు పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో 'గేదెల' అనీ, పేరు గడిలో 'వెంకట రమణ' అనీ ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట తీసుకున్న లైసెన్సులో మాత్రం 'జి.వి. రమణ' అని ఉంటుంది. మాధవధారలోని రవాణా శాఖ కార్యాలయంలో ఇది ఎవరికీ వింతగా అనిపించదు. అద్దె కార్ల సంస్థ కౌంటరులో ఉన్న ఉద్యోగికి మాత్రం తెర మీద ఇంటిపేరు, పేరు అని రెండు గడులు కనిపిస్తాయి. పాస్‌పోర్టు, లైసెన్సు, క్రెడిట్ కార్డు మూడింటిలోనూ ఆ రెండూ కలవాలి. కలవకపోతే తాళం ఇవ్వకపోవడంలో అతని తప్పేమీ లేదు.

దీనికి పరిష్కారం లైసెన్సులో పేరు మార్పించుకోవడం. పరివాహన్ వెబ్‌సైటులోని సారథి విభాగంలో లైసెన్సు సేవల కింద పేరు మార్పుకు దరఖాస్తు ఉంటుంది. దరఖాస్తు చేసి, పాస్‌పోర్టు, ఆధార్ అసలు ప్రతులతో కార్యాలయానికి వెళ్లాలి. ఇక్కడ వరుస ముఖ్యం. ముందు లైసెన్సు సరిచేసుకోవాలి, ఆ తర్వాతే విదేశాల్లో లైసెన్సుతోపాటు చూపించే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, అంటే ఐడీపీ, తీసుకోవాలి. తలకిందులుగా చేస్తే కొత్త పర్మిట్‌లోకి కూడా పాత పేరే ఎక్కుతుంది. ప్రయాణానికి కనీసం రెండు నెలల ముందు ఈ పని మొదలుపెట్టమని నా సలహా.

మీది బాగా పాత పుస్తకం లైసెన్సు అయితే సారథిలో నంబరు కొట్టినా వివరాలు రాకపోవచ్చు. అప్పుడు పాత రికార్డును ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అది ఇంట్లో కూర్చుని చేసుకోగలిగింది కాదు, కార్యాలయానికి వెళ్లాల్సిందే.

ఫోనులో లైసెన్సు చూపిస్తే తల అడ్డంగా ఊపుతున్నారు

డిజిలాకర్‌లోనో, ఎంపరివాహన్‌లోనో ఉన్న లైసెన్సుకు మన దేశంలో చట్టబద్ధత ఉంది. బీచ్ రోడ్డులో తనిఖీ అయితే అది చాలు. విదేశంలో చాలదు. కొంతకాలం మన రాష్ట్రంలో కార్డులు ముద్రించకుండా డిజిటల్ రూపంలోనే లైసెన్సులు ఇచ్చారు. ఆ రోజుల్లో తీసుకున్నవారి దగ్గర అసలు కార్డే ఉండదు. అలాంటివారు టికెట్టు కొనక ముందే కార్డు కోసం దరఖాస్తు చేసుకోవాలి.

ఐడీపీ ఉంది, అయినా చెల్లదంటున్నారు

దీనికి ఒక కారణం కాదు, చాలా ఉన్నాయి. అన్నింటికన్నా తరచుగా కనిపించేది, ఐడీపీ ఉంది కదా అని అసలు లైసెన్సును ఇంట్లో వదిలి వెళ్లడం. ఐడీపీ మీ లైసెన్సుకు అనువాదం మాత్రమే, దానికదే లైసెన్సు కాదు. కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్లు నిండిన సందర్శకుడు సొంత దేశపు లైసెన్సుతోనే నడపవచ్చు, ఐడీపీ ఒక్కటే చూపిస్తే మాత్రం దాన్ని లైసెన్సుగా లెక్కించరు. రెండూ కలిపి ఒకే సంచిలో పెట్టుకోండి.

రెండో కారణం గడువు. మన ఐడీపీ ఒక్క ఏడాదే పనిచేస్తుంది, ఈలోగా అసలు లైసెన్సు గడువు ముగిస్తే దానితోపాటే ఇదీ పోతుంది. అందుకే అమెరికాలో పిల్లల దగ్గర ఆరు నెలలు ఉండి రావాలనుకునే తల్లిదండ్రులు దీన్ని మరీ ముందుగా తీసుకోకూడదు. ప్రయాణం ఖాయమయ్యాక తీసుకుంటే మంచిది. అక్కడ ఉండగానే గడువు తీరిపోతే భారత రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలు 2021లో కల్పించారు. దరఖాస్తు సమయంలో వీసా, వైద్య ధ్రువపత్రం చూపాలన్న నిబంధననూ అప్పుడే తీసేశారు. అయినా వీసా, టికెట్టు నకళ్లు దగ్గర ఉంచుకుంటే నష్టం లేదు. దరఖాస్తు ఫారం 4ఏ, రుసుము రూ.1,000. లెర్నర్ లైసెన్సుతో ఐడీపీ రాదు.

మూడోది, మీరు వెళ్లిన దేశం మన ఐడీపీని గుర్తించకపోవడం. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. మన దేశం 1949 నాటి జెనీవా రోడ్డు రవాణా ఒప్పందంలో ఉంది. 1968 నాటి వియన్నా ఒప్పందంలో లేదు. జపాన్ 1949 పద్ధతి పర్మిట్‌నే ఒప్పుకుంటుంది కాబట్టి మనకు అక్కడ ఇబ్బంది లేదు. వియత్నాం 1968 పద్ధతి పర్మిట్‌నే గుర్తిస్తుంది కాబట్టి మన ఐడీపీ అక్కడ పనికిరాదు. చైనా ప్రధాన భూభాగంలో ఏ ఐడీపీ చెల్లదు, తాత్కాలిక స్థానిక లైసెన్సు తీసుకోవాలి. శ్రీలంకలోనూ ఐడీపీతో సరిపెట్టుకోలేం, అక్కడి అధికారుల నుంచి తాత్కాలిక అనుమతి కావాలి. విశాఖ నుంచి నేరుగా విమానం ఉన్న సింగపూర్‌లో సందర్శకులు ఇంగ్లిషులో ఉన్న సొంత లైసెన్సుతో పన్నెండు నెలల వరకు నడపవచ్చు. బ్రిటన్‌లోనూ సందర్శకులకు పన్నెండు నెలలే. జర్మనీలో ఆరు నెలలు, పైగా ఐడీపీ గానీ అనువాదం గానీ ఉండాలి. దుబాయ్‌లో విజిట్ వీసా మీద ఐడీపీతో అద్దె కారు నడపవచ్చు. ఉద్యోగం వచ్చి రెసిడెన్సీ వీసా చేతికి వచ్చిన తర్వాత అదే ఐడీపీతో నడిపితే నేరం. ఈ తేడా తెలియక ఇరుక్కునేవారు ఎక్కువగా కొత్తగా ఉద్యోగంలో చేరినవారే.

ఇక నకిలీలు. 'పదేళ్ల అంతర్జాతీయ లైసెన్సు, ఇంటికే పంపుతాం' అని ఇంటర్నెట్‌లో అమ్మేవి ఎందుకూ కొరగావు. 1949 పద్ధతి పర్మిట్‌కు ఏడాదికి మించి గడువు ఉండదు. మన దగ్గర దాన్ని ఇచ్చేది రవాణా శాఖే. ఎక్కువ గడువు కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, డబ్బు కట్టకండి.

థాయిలాండ్‌లో స్కూటరు అద్దెకు తీసుకుంటే జరిమానా వేశారు

ఐడీపీ చివరి పేజీ తెరిచి చూడండి. వరుసగా ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు తరగతులు, ఒక్కో దానికి ఎదురుగా ముద్ర వేసే చోటు ఉంటాయి. 'ఏ' ద్విచక్ర వాహనాలకు, 'బీ' కార్లకు. మీ లైసెన్సులో కారు ఒక్కటే ఉంటే 'ఏ' ఎదురుగా ముద్ర పడదు. విశాఖలో రోజూ స్కూటరు నడుపుతున్నాం కదా అన్న ధీమాతో అక్కడ బండి ఎక్కితే, చట్టం దృష్టిలో మీరు లైసెన్సు లేకుండా నడుపుతున్నట్టే. జరిమానా సంగతి అలా ఉంచండి. కింద పడి ఆసుపత్రి పాలైతే ప్రయాణ బీమా సంస్థ ఇదే కారణం చూపి చేతులెత్తేస్తుంది, బిల్లు మొత్తం కుటుంబం మీద పడుతుంది. నాకు అన్నింటికన్నా ఎక్కువ భయం వేసేది ఇక్కడే. ఐడీపీ చేతికి ఇచ్చినప్పుడే, కార్యాలయం గుమ్మం దాటక ముందే ఆ పేజీ చూసుకోండి. లైసెన్సులో రెండు తరగతులూ ఉండి ఒక ముద్రే పడితే అక్కడికక్కడే అడిగి సరిచేయించుకోవచ్చు.

పోలీసు ఆపాడు, దిగబోతే గట్టిగా అరిచాడు

మన ఊళ్లో ఆపగానే బండి దిగి, కాగితాలు పట్టుకుని ఎస్సై దగ్గరికి వెళ్లడం మర్యాద. అమెరికాలో దాన్ని ప్రమాద సూచనగా చూస్తారు. కారు కుడి పక్కకు తీసి ఆపండి, లోపలే కూర్చోండి, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచండి. లైసెన్సు అడిగాక, ఎక్కడ ఉందో చెప్పి అప్పుడు తీయండి.

తిరిగొచ్చిన ఎన్నో నెలలకు క్రెడిట్ కార్డు నుంచి డబ్బు కోశారు

చెల్లించని టోల్, లేదా కెమెరాకు చిక్కిన ఉల్లంఘన. ఇటలీలో పాత నగరాల నడిబొడ్డున బయటి కార్లను రానివ్వని ప్రాంతాలుంటాయి. విదేశాల్లో ఉండేవారికి నోటీసు పంపడానికి అక్కడి చట్టం 360 రోజుల గడువు ఇస్తుంది. అద్దె సంస్థ మీ వివరాలు పోలీసులకు ఇచ్చినందుకు తన రుసుము వేరుగా వసూలు చేస్తుంది. కారు తీసుకునేటప్పుడే టోల్ ఎలా కట్టాలో అడగండి, ఒప్పందం కాగితాన్ని ఏడాదైనా దాచండి.

విదేశంలో ఉన్న అబ్బాయి కారును మనం నడిపితే బీమా వర్తిస్తుందా?

వర్తించవచ్చు, వర్తించకపోవచ్చు. పాలసీని బట్టి ఉంటుంది. తల్లిదండ్రులు నెలల తరబడి ఇంట్లో ఉంటారని, అప్పుడప్పుడు కారు తీస్తారని బీమా సంస్థకు ముందే చెప్పి, అవసరమైతే పేరు చేర్పించమని పిల్లలను అడగండి. అడగడానికి మొహమాటపడకండి.

అమెరికా నుంచి వచ్చిన బావగారు విశాఖలో కారు నడపవచ్చా?

సంక్రాంతికి వచ్చి, శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్దామని మీ కారు తాళం అడుగుతారు. అమెరికా లైసెన్సు ఒక్కదానితో ఇవ్వకండి. వారికి కావాల్సిన ఐడీపీ ఆ లైసెన్సు ఇచ్చిన దేశంలోనే దొరుకుతుంది. అమెరికాలో ఏఏఏ అనే వాహనదారుల సంఘం ఇస్తుంది, ఇక్కడికి వచ్చాక విశాఖలో పుట్టదు. కాబట్టి ఫోనులో మాట్లాడినప్పుడే గుర్తుచేయాలి.

ఐడీపీ తేలేదంటే, వారి పాత భారత లైసెన్సు ఇంకా బతికి ఉందేమో సారథిలో చూడండి. గడువు ఉంటే దానితో నిశ్చింతగా నడపవచ్చు. గడువు దాటి ఏడాది కాకపోతే రెన్యువల్ చేయించుకోవచ్చు, ఏడాది దాటితే మళ్లీ పరీక్షకు హాజరు కావాలి. చెల్లే లైసెన్సు లేకుండా నడిపితే నడిపినవారికి రూ.5,000, తాళం ఇచ్చిన యజమానికి మరో రూ.5,000 జరిమానా పడవచ్చు. ఘాట్ రోడ్డులో ఏదైనా జరిగితే మీ కారు బీమా కూడా చిక్కుల్లో పడుతుంది. అలాంటప్పుడు డ్రైవరును పెట్టుకుని, బావగారిని పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లండి.