రక్షించి తెచ్చుకున్న పిల్లి తినడం లేదు, దాక్కుంటోంది: భయమా, జబ్బా?

వీధిలోంచి రక్షించి, చికిత్స సగంలో ఉండగా ఇంటికి తెచ్చిన పిల్లికి మొదటి వారం భయమూ జబ్బూ ఒకేలా కనిపిస్తాయి. తేడా పట్టించేవి తిండి గిన్నె, లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకు పెట్టే ఇసుక పెట్టె). రోజూ ఎంత తింది, ఎన్నిసార్లు మూత్రం పోసింది, విరేచనం ఎలా ఉంది, ఒక కాగితం మీద రాసిపెట్టండి. డాక్టరు మొదట అడిగేవి ఇవే.

పగలంతా మంచం కింద, తెల్లారేసరికి గిన్నె ఖాళీ

ఇది భయమే, దీనికి వేరే మందు అక్కర్లేదు. ఇల్లంతా ఒకేసారి వదిలేస్తే ఇలా అవుతుంది. ఒక్క గదే ఇవ్వండి: ఒక మూల తిండి, నీళ్లు, దానికి దూరంగా లిట్టర్ బాక్స్, దాక్కోవడానికి పక్కకు వాల్చిన అట్టపెట్టె. చెయ్యి పెట్టి బయటికి లాగకండి. ఇంట్లో వేరే పిల్లులుంటే కనీసం రెండు వారాలు కలపొద్దు.

రాత్రి కూడా తినలేదు

అన్నిటికన్నా దీన్నే పట్టించుకోవాలి. పెద్ద పిల్లి 24 గంటలు ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించండి. చిన్న పిల్లకూనైతే 12 గంటలు కూడా ఆగకండి. తిండి ఆగితే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుంటుంది. లావుపాటి పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

ఎందుకు తినడం లేదో దాని తీరులోనే తెలుస్తుంది.

తుమ్ములు, కళ్లలో పుసి ఉంటే ముక్కు మూసుకుపోయింది. వాసన తెలియకపోతే పిల్లి తిండి ముట్టదు. బాత్రూమ్ తలుపు మూసి వేడినీళ్ల కుళాయి తిప్పి, ఆ ఆవిరిలో 10 నిమిషాలు ఉంచండి, నీళ్లు మీద పడకుండా. నార్మల్ సెలైన్‌లో తడిపిన దూదితో ముక్కు తుడవండి. తర్వాత తడి తిండిని గోరువెచ్చగా చేసి పెట్టండి. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన కోడిమాంసం నీళ్లు కలిపితే వాసన పెరుగుతుంది. ఈ జలుబును తరచుగా తెచ్చే హెర్పిస్ వైరస్ ఒంట్లోనే ఉండిపోతుంది, బెదిరినప్పుడు తిరగబెట్టవచ్చు. అందుకే ఆ ప్రశాంతమైన గది కూడా చికిత్సలో భాగమే.

ఆకలిగా వచ్చి, ఒక ముద్ద నోట పెట్టుకుని అరిచి పారిపోతే, చొంగ కారుతుంటే, నొప్పి నోట్లో ఉంది. మెత్తని తిండి పెట్టి, పళ్లూ చిగుళ్లూ చూపించండి.

గిన్నె చూడగానే పెదాలు నాక్కుంటూ మొహం తిప్పుకుంటే అది వికారం. నీళ్లు కూడా ఎక్కువ తాగుతుంటే కిడ్నీల రక్తపరీక్ష చేయించాలి. సిరంజితో బలవంతంగా తిండి పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆ తిండంటేనే విరక్తి పుట్టవచ్చు.

ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ మాత్రం ఇవ్వొద్దు. ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు.

లిట్టర్ బాక్స్‌లో ముక్కుతోంది, మూత్రం రావడం లేదు

మగపిల్లైతే అర్ధరాత్రయినా వెంటనే తీసుకెళ్లండి. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో చనిపోవచ్చు. మూత్రం మామూలుగానే వస్తూ బాక్స్ బయట పోస్తుంటే, ముందు సువాసన కలిపిన ఇసుక మార్చండి, రోజూ శుభ్రం చేయండి. ఫినాయిల్ వాడకండి. పాదాలకంటినది నాకితే పిల్లికి విషం.

విరేచనాలు

తరచుగా కారణం పాలు, లేదా ఒక్కసారిగా మార్చిన తిండి. పాలు మానేసి, కొత్త తిండిని 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. రక్తం పడినా, నీరసించినా ఆగకుండా డాక్టరుకు చూపించండి. తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగులు. వాటిని తెచ్చేవి ఎక్కువగా ఫ్లీలే (బొచ్చులో ఉండి రక్తం పీల్చే చిన్న పురుగులు) కాబట్టి రెంటికీ మందు వేయాలి. కుక్కల కోసం అమ్మే పర్మెత్రిన్ అనే ఫ్లీ మందు చుక్కలు పిల్లికి ప్రాణాంతకం.

గుండ్రంగా వెంట్రుకలు రాలాయి

తామర కావచ్చు, పిల్లల చేతులకూ అంటుకుంటుంది. తేలేదాకా ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగండి.

మందు వేసినప్పటి నుంచి మనిషిని చూస్తేనే పరుగు

దాక్కున్న చోటు నుంచి లాక్కొచ్చి మందు వేయడమే కారణం. అట్టపెట్టె దగ్గర ఎప్పుడూ వేయకండి, వేరే చోట వేయండి. రోజూ తిండి పెట్టే మనిషి కాకుండా మరొకరు వేస్తే మంచిది. మొత్తం తిండిలో కలిపితే ఆ తిండే మానేస్తుంది. మాత్ర మింగించాక సిరంజితో 5 మి.లీ. నీళ్లు పెదవి పక్కనుంచి మెల్లగా పట్టండి. డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయాటిక్) లాంటి మాత్ర గొంతులో అంటుకుంటే పుండు పడవచ్చు, అప్పుడు మళ్లీ తిండి ఆగిపోతుంది.