పత్తి ఏరేముందు వాన కబురు ఇట్లా చూసుకోండి

దసరా దగ్గరపడింది. నల్గొండ, పాలమూరు చేన్లలో పత్తి పగులుతోంది. కూలీలను పిలిచేముందు ఇవి చూడండి.

• వాతావరణ శాఖ ఢిల్లీ నుంచి ఇచ్చే బులెటిన్‌లో ‘బంగాళాఖాతంలో అల్పపీడనం’ అని ఉంటే, పగిలిన పత్తిని వానకు ముందే ఏరించండి. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే. చెట్టు మీద తడిస్తే రంగు మారుతుంది, ముసురు పడితే కాయలోనే గింజ మొలకెత్తుతుంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొనదు, పూర్తి మద్దతు ధర 8 శాతం లోపుంటేనే. పిడికిట్లో నొక్కి వదలండి: వెంటనే పొంగితే ఎండినట్టు, ముద్దగా ఉండిపోతే ఇంకా ఎండాలి. గింజ కొరికితే టక్కున పగలాలి.

• బులెటిన్‌లో రోజంటే పొద్దున 8:30 నుంచి మర్నాడు 8:30 దాకా. రేపు తెల్లవారుజామున పడే వాన ‘ఈరోజు’ కిందికే వస్తుంది. అందుకే కల్లంలో ఆరబోసింది రాత్రి అట్లనే వదలొద్దు, పరదా కప్పండి.

• ‘ఒకటి రెండు చోట్ల’ వాన అంటే, వాన కొలిచే కేంద్రాల్లో పావు వంతుకు మించదు. దానికే పని ఆపనక్కర్లేదు. ‘అనేక చోట్ల’ అంటే సగం దాటినట్టు, అప్పుడు ఆగండి.

• హెచ్చరికలో పసుపు రంగు ఉంటే కనిపెట్టుకుని ఉండమని, నారింజ ఉంటే సిద్ధం కమ్మని. ‘భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన.

• మధ్యాహ్నం మబ్బు కమ్మితే పొద్దుటి సూచన చాలదు. వాతావరణ శాఖ వచ్చే మూడు గంటలకు ఇచ్చే హెచ్చరిక, పిడుగుల ముప్పు చెప్పే దామిని యాప్ చూడండి. ఉరిమితే వేపచెట్టు కిందికి పోవద్దు, ఊళ్లోకి నడవండి.