చిన్న కేబినెట్‌లో గ్రాఫిక్స్ కార్డు, ఆడియో వైరు: నా అనుభవం

తిరుపతి బైరాగిపట్టెడలో మాది చిన్న అద్దె ఇల్లు. చెల్లి వీణ నేర్చుకుంటోంది, సాధన రికార్డు చేసుకోవడానికి కంప్యూటర్ కావాలంది. టేబుల్ మీద చోటు తక్కువ కాబట్టి మినీ ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డుతో సన్నటి కేబినెట్‌లో నేనే బిగించాను.

ఈ బోర్డు పొడవు, వెడల్పు 170 మిల్లీమీటర్లే. కార్డు గుచ్చడానికి ఒకటే స్లాట్. ‘లో ప్రొఫైల్’, అంటే ఎత్తు తక్కువ ఉండే గ్రాఫిక్స్ కార్డు (తెర మీద బొమ్మ చూపించేది) తీసుకుని, దాన్ని కేబినెట్‌కు బిగించే పొడవాటి బ్రాకెట్ పట్టీ విప్పేసి దాంతో వచ్చిన పొట్టిది పెట్టాను. స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే రకం చూసుకోండి, విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. ఇంత ఇరుకులో అది పెద్ద ఊరట.

అసలు తలనొప్పి ఆడియోతో. ముందు ప్యానెల్ హెడ్‌ఫోన్, మైకు వైరు తగిలించే పిన్నులు నా బోర్డులో సరిగ్గా కార్డు పక్కనే ఉన్నాయి. కార్డు పెట్టాక వేలు దూరదు. అందుకే ముందు ఆ కనెక్టర్, తర్వాతే కార్డు. రెండు వరుసల్లో పది పిన్నులకు చోటున్నా ఒక చోట పిన్ను ఉండదు, కనెక్టర్‌లో మూసి ఉన్న రంధ్రం అక్కడికే రావాలి. బలవంతంగా నొక్కితే పిన్నులు వంగుతాయి.

ఆన్ చేయగానే హెడ్‌ఫోన్‌లో సన్నగా జుయ్‌మని మోత. వీణ నాదం మెల్లగా సద్దుమణిగే చోట అది వినపడితే ప్రాణం ఉసూరుమంటుంది. చూస్తే వైరు గ్రాఫిక్స్ కార్డును ఆనుకుని ఉంది. దాన్ని కేబినెట్ అంచు వెంట, పవర్ కేబుళ్లకు దూరంగా తిప్పి టై వేశాను. మోత పోయింది.

బొమ్మనూ శబ్దాన్నీ కలిపి మోసే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను మానిటర్‌కి తగిలించాక శబ్దం అటే వెళ్లిపోతే టెన్షన్ పడొద్దు. విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్‌ను హెడ్‌ఫోన్‌కి మార్చండి.