నాలుగు లీటర్ల స్టౌట్ బీరులో ఓట్స్ వాడే విధానం

ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978 నాటి చట్టంతో ఫెడరల్ స్థాయిలో అనుమతి లభించిన అమెరికాలో, వంటింటి పొయ్యి మీద నాలుగు లీటర్ల ఓట్‌మీల్ స్టౌట్ (ఓట్స్ కలిపి కాచే నల్లని బీరు) చేయదలచినవారికి సుమారు 1 కిలో గింజలు సరిపోతాయి. అందులో ఓట్స్ 100 గ్రాములు చాలు. అటుకుల్లా ఒత్తిన ఓట్స్ ముందే ఆవిరిలో ఉడికినవి కనుక నేరుగా వేయవచ్చు, ముక్కలుగా కోసినవాటిని మాత్రం గంజిలా ఉడికించాలి. తీపి, పరిమళం కలిపిన పొట్లాల జోలికి పోకూడదు. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేంత ఎంజైములు ఈ ఓట్స్‌లో ఉండవు కాబట్టి, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ మాల్ట్‌తో కలిపి 67 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు నాననివ్వాలి.

అసలు చిక్కు వడకట్టేటప్పుడే ఎదురవుతుంది. బీరుకు నున్నని చిక్కదనాన్నిచ్చే బీటా గ్లూకాన్ అనే జిగురే ద్రవాన్ని కిందికి దిగనివ్వదు. అందుకు విరుగుడు, కడిగిన వరి ఊకను రెండు గుప్పిళ్లు గింజల్లో కలపడం. మన రైసు మిల్లుల వెనుక గుట్టలుగా పడి ఉండే ఆ ఊకనే అక్కడి దుకాణాల్లో పొట్లాలు కట్టి అమ్ముతారు. గింజలను గుడ్డసంచిలో నానబెట్టేవారికి ఊకతో పనిలేదు, సంచిని ఎత్తి నిదానంగా పిండితే చాలు.

ఆపై బీరుకు చేదునిచ్చే పూలైన హాప్స్‌తో మరిగించడం, చల్లార్చడం, ఈస్ట్ వేయడం మామూలు స్టౌట్‌కు చేసినట్లే.