పళ్లసెట్టు పాఠాలు – 3: వేడినీళ్ల గొడవ

ఈసారి బ్రష్ పట్టే పద్ధతి చెబుదామనుకున్నాను. కుదిరేలా లేదు. పోయిన పాఠంలో "రాత్రి సెట్టు తీసి నీళ్లలో వేయండి" అని రాశానే గానీ, ఏ నీళ్లో రాయలేదు. గుంటూరు బ్రాడీపేటలో ఒక పెద్దాయన, క్రిములు చస్తాయని, స్టవ్ మీంచి దించిన గిన్నెలోనే వేశారట. పొద్దున పెట్టుకుంటే కింది సెట్టు ఉయ్యాల ఊగుతోంది. ఇంకొకావిడ గీజరు నీళ్లు పట్టారు. ఇద్దరూ అడిగింది ఒకటే: మళ్లీ వేడి చేసి వంచితే దారికొస్తుందా?

రాదండీ. ఇంకా చెడుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, వేడినీళ్ల సంగతి దాచకుండా చెప్పండి. లోపల కొత్త పొర వేస్తే సరిపోతుందా, కొత్త సెట్టే కావాలా అన్నది మీ నోట్లో పెట్టి చూసి ఆయనే తేలుస్తారు.

పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు. "ల్యాబులో మీరు దీన్ని ఉడకబెట్టే చేస్తారు కదా, నా గిన్నె ఏం పాపం చేసింది?" సూర్యారావుపేట ల్యాబులో 30 ఏళ్లు ఆ ఉడకబెట్టే పనే చేసినవాణ్ణి. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, విన్న ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. ప్రశ్న మాత్రం మంచిదే.

మైనంతో చేసిన నమూనాను ఫ్లాస్కులో, అంటే రెండు భాగాలుగా విడిపోయే లోహపు డబ్బాలో, ప్లాస్టర్ మధ్య బిగిస్తాం. మైనం కరిగించి తీసేశాక మిగిలిన ఖాళీలో గులాబి రంగు అక్రిలిక్ (సెట్టు చేసే ప్లాస్టిక్) ముద్ద కూరి, క్లాంపు బిగించి, నీళ్ల తొట్టిలో దించుతాం. 74 డిగ్రీల దగ్గర గంటన్నర, ఆపైన 100 దగ్గర గంట. తర్వాత బల్ల మీద పెట్టి దానంతట అదే చల్లారేదాకా ముట్టుకోం. గట్టిపడేటప్పుడూ చల్లారేటప్పుడూ అక్రిలిక్ ముడుచుకోవాలని చూస్తుంది, చుట్టూ ఉన్న ప్లాస్టర్ ముడుచుకోనివ్వదు. ఆ బిగువు కొంత లోపలే ఉండిపోతుంది. మీ గిన్నెలో ఆ ప్లాస్టర్ ఏదీ? బాగా వేడి తగిలేసరికి బిగువు సడలి, సెట్టు తనకు తోచినట్టు మెలి తిరుగుతుంది. ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో మరిగే నీళ్లు పోస్తే ముడుచుకుపోవడం చూశారుగా, ఇదీ దాని వరసే. సెట్టు అంతలా ముడుచుకోదు, కంటికి ఆనదు కూడా. కానీ వెంట్రుకంత తేడా వచ్చినా చిగురు పట్టేస్తుంది.

బెజవాడ వాళ్లకు విడిగా ఒక మాట. మే నెలలో మిట్టమధ్యాహ్నం కుళాయి తిప్పితే డాబా మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేట్టు వస్తాయి. భోజనం కాగానే ఆ ధార కింద సెట్టు పెట్టకండి. పొద్దున్నే ఒక చెంబు పట్టి పక్కన పెట్టుకోండి. చంటిపిల్లల పాలు చూసినట్టు మణికట్టు మీద చుక్క వేసుకుని చూడండి. చురుక్కుమంటే వద్దు.

కడగడం గురించి నాలుగు ముక్కలు. మెత్తటి బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, చాలు. టూత్‌పేస్టు, పళ్లపొడి వద్దు, గీతలు పడతాయి, ఆ గీతల్లో పాచి చేరుతుంది. నానబెట్టే బిళ్లలంటే నాకు పెద్ద మోజు లేదు. వాడితే డబ్బా మీద రాసినంతసేపే నానబెట్టి, బాగా కడిగాకే నోట్లో పెట్టుకోండి. తీగ క్లిప్పులున్న సెట్టు దగ్గరికి బ్లీచింగ్ రానివ్వకండి. చెయ్యి జారినా పగలకుండా కింద నీళ్ల బేసిన్ పెట్టుకుని కడగాలని మళ్లీ చెప్పను.

అభ్యాసం ఏడు రాత్రులు. కాగితం మీద లాడం ఆకారం రెండు గీయండి, పైసెట్టుకొకటి, కిందిదానికొకటి. రోజూ కడిగి, సబ్బు పూర్తిగా పోయాక, కళ్లు మూసుకుని లోపలి వైపంతా వేలితో తడమండి. జిగటగా జారిన చోట కాగితం మీద చుక్క పెట్టండి. అక్కడికి బ్రష్ అందలేదన్నమాట. మళ్లీ తోమి, మళ్లీ తడిమి, అప్పుడే మామూలు నీళ్లలో వేసి పడుకోండి. మొదటి రోజు పావుగంట పడుతుంది, విసుక్కోకండి. చుక్కలు ఎక్కువగా క్లిప్పుల పక్కన, పైసెట్టు వెనక అంచు దగ్గర పడతాయని నా అంచనా. ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో బ్రష్ ఎటు తిప్పాలో దాన్ని ముందు పెట్టుకునే చూద్దాం.