ముక్కుతో జ్ఞాపకం రాయడం – 3వ పాఠం: చేతులు ఏం చేస్తున్నాయి?

పోయిన పాఠంలో ఇంట్లో దొరికే పది వాసనలకు తెలుగు పేర్లు వెతకమన్నాను. మనకు ఎన్ని మాటలున్నాయో ఈపాటికి మీకే తెలిసి ఉంటుంది. పాత బియ్యానిది ముక్క వాసన, చేపది నీచు, అడుగంటిన పాలది మాడు వాసన, సరిగా వేగని అల్లంవెల్లుల్లిది పచ్చి వాసన. వంటింట్లో రోజూ వాడే మాటలే ఇవి. రాయడానికి కూర్చుంటే మాత్రం అన్నీ మరిచిపోయి 'సువాసన' అని రాసేస్తాం. ఆ అలవాటు ఇక మానేద్దాం.

ఈ వారం పని, ఒక వాసన పట్టుకుని ఒక జ్ఞాపకం దాకా వెళ్లడం.

ముందు ముక్కు సంగతి కొంచెం. మనం చూసిందీ విన్నదీ మెదడులో థాలమస్ అనే మజిలీ దాటాకే పైకి చేరతాయి. వాసనకు ఆ మజిలీ లేదు. అది దాదాపు నేరుగా భావోద్వేగాలు చూసుకునే అమిగ్డాలా దగ్గరికీ, జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్ వైపుకీ వెళుతుంది. అందుకే ముందు గుండె బరువెక్కుతుంది, ఎందుకో తర్వాత తెలుస్తుంది. మనం రాయాల్సింది ఆ మధ్యలో జరిగేదాన్ని.

నా సంగతే చెబుతాను. మాది మదనపల్లె. బెంగళూరు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. చలికాలం వస్తే గాంధీ బజారులో అనపకాయలు రాశులు పోస్తారు. మంచులో తడిసిన కాయ మీద జిడ్డుగా, ఘాటుగా ఒక వాసన ఉంటుంది. కన్నడిగులు దాన్ని సొగడు అంటారు, అది ఉందో లేదో చూసే కాయలు కొంటారు. ఒక జనవరిలో కిలో తెచ్చుకుని వలుస్తూ కూర్చున్నాను. నాలుగో కాయకే గొంతు పట్టేసింది. ఎందుకో అర్థం కాలేదు.

నోట్‌బుక్‌లో మొదట ఇలా రాశాను: 'అనపకాయల కమ్మటి వాసన నన్ను బాల్యంలోకి తీసుకెళ్లింది.' ఇది ఎవరైనా రాయగలిగే వాక్యం. కొట్టేశాను. ఇంకో కాయ తుంచి వాసన చూసి, ఒక్కటే ప్రశ్న వేసుకున్నాను. అప్పుడు నా చేతులు ఏం చేస్తున్నాయి?

చేతులు చల్లటి నీళ్లలో ఉన్నాయి. నానిన గింజను రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కితే పప్పు జారి పళ్లెంలో పడుతోంది, తొక్క వేలికి అంటుకుంటోంది. పితుకుపప్పు. కరెంటు లేదు, లాంతరు కిరసనాయిలు వాసన కూడా కలిసింది. పక్కన అవ్వ, 'అంత గట్టిగా నొక్కద్దు నాయనా, పప్పు చితికిపోతాది' అంటోంది. గొంతు ఎందుకు పట్టిందో మర్నాటికి గానీ తెలియలేదు. ఆ రాత్రి అమ్మ ఆస్పత్రిలో ఉంది. నేను ఏడవకుండా ఉండాలనే అవ్వ ఆ గిన్నె నా ముందు పెట్టింది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకిది గుర్తు రాలేదు.

చేతులనే ఎందుకు అడగాలంటే, కళ్లను అడిగితే ఫొటోల్లో చూసింది, ఇంట్లోవాళ్లు చెప్పింది అన్నీ కలిసిపోతాయి. మన చేతులు అప్పుడేం చేస్తున్నాయో ఎవరూ మనకు చెప్పి ఉండరు.

ఇక మీ వంతు. చిన్న చిన్నగా మూడు నాలుగు సార్లు పీల్చండి, చాలు. అదేపనిగా పీలిస్తే ముక్కు అలవాటు పడిపోయి ఏమీ తెలియదు. అలా అయితే ఆగి, మోచేతి మడతలో మీ చర్మం వాసన చూసి, మళ్లీ రండి. పెర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్లూ ఇలాగే చేస్తారు. వాసన ఒంట్లో ఎక్కడ తగిలిందో ముందు రాయండి. తర్వాత చేతులు, ఆ తర్వాత పక్కన ఎవరున్నారో. వాసన పేరు చివర్న రాయండి. మనిషి ముక్కులో దాదాపు 400 రకాల గ్రాహకాలు ఉన్నాయి, ఒక్కో వాసనను వాటిలో ఎన్నో కలిసి పసిగడతాయి. అలాంటిదాన్ని ముందే ఒక్క విశేషణంలో కుదించేస్తే చాలా జారిపోతుంది.

తొలకరి మట్టి వాసన మాత్రం ఈ వారం వద్దు. దానికి 1964లో ఇద్దరు శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో మట్టిలోని బాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ ఉంటుంది, అది పిసరంత ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. నాకూ ప్రాణమే ఆ వాసన. కానీ అది ప్రతి ఏడూ ఎన్నోసార్లు వచ్చి, జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి ఉంటాయి. ఏ ఒక్కటీ విడిగా చేతికి రాదు. అరుదుగా తగిలేది తీసుకోండి. మామిడి పూత, కొత్త సున్నం, సంపెంగ. బెంగళూరు మల్లేశ్వరంలో సంపిగె రోడ్డుకు పేరిచ్చింది ఆ పువ్వే.

మొదటి రోజు ఏమీ గుర్తు రాకపోతే టెన్షన్ పడకండి. నాకు అనపకాయలు వలిచిన రోజు లాంతరు దాకానే వచ్చింది. ఆస్పత్రి సంగతి మర్నాడు పొద్దున, చెత్తబుట్టలో తొక్కలు పారబోస్తుంటే వచ్చింది.

వచ్చే పాఠం మనిషి వాసన రాయడం. బీరువాలో దాచుకున్న పాత బట్ట ఒకటి తీసి పక్కన పెట్టుకోండి. ఉతకకండి.