వైద్య సందేహానికి పరిశోధనల్లో జవాబు వెతకడం ఎలా?

డెబ్బై దాటినా గుండెజబ్బు లేని మనిషి ముందుజాగ్రత్తగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవచ్చా? చాలా ఇళ్లలో వినిపించే ఈ ప్రశ్ననే ఉదాహరణగా తీసుకుందాం.

ముందు దాన్ని నాలుగు ముక్కలు చేసి రాసుకోండి. ఎవరికి: 70 దాటి, గుండెపోటు, పక్షవాతం రానివారికి. ఏ మందు: రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్. దేనితో పోల్చి: ఆ మందు లేకపోవడంతో. ఏ ఫలితం: గుండెపోటు తగ్గిందా, రక్తస్రావం పెరిగిందా. హాని సంగతి తప్పక రాయండి. తొందరలో వదిలేసేది దాన్నే.

ఇప్పుడు వైద్య పరిశోధన వ్యాసాలను వెతికిపెట్టే వెబ్‌సైట్ పబ్‌మెడ్ తెరవండి, అది ఉచితం. పై మాటలను ఇంగ్లిషులో టైపు చేసి, ఫిల్టర్లలో సిస్టమాటిక్ రివ్యూ (ఒకే ప్రశ్నపై వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి చేసిన సమీక్ష), రాండమైజ్డ్ కంట్రోల్డ్ ట్రయల్ (మనుషులను లాటరీ పద్ధతిలో గుంపులు చేసి పోల్చే ప్రయోగం) ఎంచుకోండి. ఇలాంటి సమీక్షలు చేసే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ ఇచ్చే సారాంశాలూ చూడండి. ఎలుకల ప్రయోగాలు పక్కన పెట్టేయండి.

మన ప్రశ్నకు 2018లో వెలువడిన ఆస్ప్రీ ట్రయల్ దొరుకుతుంది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది వృద్ధులు పాల్గొన్నారు. ఎవరికి ఆస్పిరిన్, ఎవరికి మందులేని మాత్ర అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. ఎవరు ఏది వేసుకుంటున్నారో వారికీ తెలియదు, పరిశోధకులకూ తెలియదు. దాని ఫలితాన్ని నమ్మడానికి ఆధారం ఇదే.

ఇక్కడి నుంచి నిదానంగా చదవాలి. గుండె, రక్తనాళాల జబ్బుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తీవ్ర రక్తస్రావం మాత్రం మందులేని మాత్ర వేసుకున్నవారిలో 2.8 శాతం మందికి, ఆస్పిరిన్ వేసుకున్నవారిలో 3.8 శాతం మందికి జరిగింది. దీన్ని ‘ముప్పు దాదాపు 38 శాతం ఎక్కువ’ అనీ రాయవచ్చు, ‘వందమందిలో అదనంగా ఒకరికి’ అనీ రాయవచ్చు. రెండూ నిజమే, కానీ నిర్ణయానికి పనికొచ్చేది రెండోది. అందుకే ఎక్కడ శాతం కనబడినా, ఎంత నుంచి ఎంతకు పెరిగిందో పట్టికలో వెతకండి.

డబ్బు ఎవరిదో కూడా చూడండి. ఆస్ప్రీకి ప్రభుత్వ నిధులు అందాయి, మాత్రలు ఆస్పిరిన్ తయారుచేసే బేయర్ కంపెనీ ఇచ్చింది.

చివరిగా, ట్రయల్‌లోని మనుషులకూ మీ ఇంటి మనిషికీ పోలిక ఉందా? ఆస్ప్రీ మన దేశంలో జరగలేదు. గుండెజబ్బు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. కాబట్టి ఇప్పటికే గుండెపోటు వచ్చినవారికీ, స్టెంటు వేయించుకున్నవారికీ ఈ ఫలితం వర్తించదు. ఇది చదివి వారు సొంతంగా మాత్ర ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మందు మొదలుపెట్టాలన్నా మానాలన్నా, ఆ వ్యాసం సారాంశాన్ని డాక్టరుకు చూపించి మాట్లాడండి.